‘పాడైంది’ అంటే ఏమైంది?

మిత్రులారా, ‘పాడైంది’ అనే మాట గురించి మీ అందరి అభిప్రాయం కావాలి. చెక్కను నునుపు చేసే నా చిత్రిక యంత్రం ఆగిపోయినప్పుడు తయారీదారులకు రాసిన మొదటి ఉత్తరంలో నేను వాడిన క్రియ అదొక్కటే. ‘యంత్రం పాడైంది, విడిభాగం పంపగలరు’ అని రాశాను. ఏ భాగమని అడిగారు. ‘బెల్టు పోయింది’ అన్నాను. కొత్త బెల్టు వచ్చింది, బిగించాను. రెండు చెక్కలు చిత్రిక పట్టేలోపే రబ్బరు మాడిన వాసన వేసింది. మూడో చెక్కకు అదీ తెగింది.

రెండు బెల్టులనూ వెలుతురులో పక్కపక్కన పెట్టి చూశాను. తెగిన చోట పోగులు లేచి ఉన్నాయి. కప్పీకి, అంటే బెల్టు చుట్టుకుని తిరిగే చక్రానికి, ఆనే లోపలి వైపు మాత్రం గాజులా నున్నబడి మెరుస్తోంది. అంటే బరువు లాగలేక తెగినవి కావు. కప్పీ మీద జారి, వేడెక్కి, మాడి తెగినవి. కరెంటు తీసేసి, చేతికి మందపాటి తొడుగు వేసుకుని, బ్లేడ్లు బిగించి ఉండే దిమ్మెను తిప్పి చూస్తే గరగరమంటూ సగంలో ఆగింది. దిమ్మె తేలిగ్గా తిరగడానికి చివర్లలో ఉండే బేరింగుల్లో ఒకటి పట్టేసింది. బెల్టు నిజంగానే తెగింది, కానీ చెడింది బేరింగు. ‘బెల్టు మాడి తెగింది’ అని మొదటే రాసి ఉంటే, యంత్రం తెలిసినవారెవరైనా ‘దిమ్మె తేలిగ్గా తిరుగుతోందా?’ అని తిరిగి అడిగేవారు. ‘పోయింది’ అనే మాట ఆ ప్రశ్నకు చోటే ఇవ్వలేదు.

ఇంత చిన్న ముక్కకు ఇంత చర్చ ఎందుకని అనుకోకండి. వస్తువు చెడే తీరును బట్టి క్రియను మార్చే గుణం మన భాషకు పుట్టుకతో ఉంది. కర్ర విరుగుతుంది, కుండ పగులుతుంది, తాడు తెగుతుంది, గుడ్డ చిరుగుతుంది. పిల్లలు కూడా వీటిని తారుమారు చేయరు. యంత్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ సంపదనంతా పక్కన పెట్టి ‘పాడైంది’ అనే ఒక్క మాటతో సరిపెడుతున్నాం. ఇది నాకు నిజంగా బాధగా ఉంది.

ఒక సభ్యురాలు: ‘పాడు’లో తప్పేమీ లేదండీ, దాని స్వభావమే అంత. పాడుబడ్డ ఇల్లు, పాడుబావి అంటాం. అక్కడ ఏది కూలిందో, ఏది ఎండిందో చెప్పడం మన ఉద్దేశం కాదు. ఇక పనికిరాని స్థితిలో ఉందని చెప్పడమే ఉద్దేశం. కాబట్టి ‘పాడైంది’ అనేది ఫలితం చెప్పే మాట, కారణం చెప్పే మాట కాదు. ఉత్తరంలో మొదటి వాక్యంగా దాన్ని ఉంచండి, రెండో వాక్యంలో అసలు క్రియ రావాలి. ఇంకో సందేహం. ‘మరమ్మతు’లో ఉన్నది మన ‘మర’ యేనా?

నా జవాబు: ఫలితం, కారణం అని మీరు చేసిన విభజన చాలా బాగుందండీ, నాకు తట్టలేదు.

మరమ్మతు సంగతి వేరు. వినడానికి మరను బాగుచేయడంలా ఉంటుంది గానీ, ఆ మాట అరబ్బీ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా మనకు వచ్చింది. ఇంటి గోడకూ చెరువు గట్టుకూ మరమ్మతు చేస్తాం, వాటిలో మర ఏదీ ఉండదు కదా. మన ‘మర’ మేకుకు ఉండే మెలిక. మరమేకు అందుకే మరమేకు అయింది. తమిళంలో కూడా ‘మరై’ అంటే ఆ మెలికే. తరవాత యంత్రానికే అది పేరయింది. ఆ పాత అర్థం పనివాళ్ళ నోట ఇంకా బతికే ఉంది. బిగించి బిగించి బోల్టు మెలిక నలిగిపోతే ‘మర పోయింది’ అంటారు. ఇక్కడ ‘పోయింది’ నాకు అభ్యంతరం కాదు, ఎందుకంటే ఏది పోయిందో ముందున్న మాటే చెబుతోంది. కొన్ని రంపాల్లో బిళ్ళను పట్టి ఉంచే నట్టుకు ఎడమ మర, అంటే ఎడమవైపు తిప్పితే బిగిసే మర, ఉంటుంది, తిరుగుడుకు తనంతట తానే సడలకుండా. అది తెలియక మామూలుగా తిప్పితే విప్పుతున్నామనుకుని ఇంకా బిగిస్తాం. మర పోయేది అక్కడే.

వడ్రంగం పనిలో ఉన్న సభ్యుడు: అయ్యా, క్రియల గురించి మీరు రాసింది నిజమే. దానికి తోడు మేము చెవిని నమ్ముకుంటాం. గరగర అంటే బేరింగు. కీచుమంటే బెల్టు జారుతోంది. లొడలొడ అంటే ఏదో సడలింది. స్విచ్ వేస్తే గుయ్యిమని మూలుగుతూ తిరగడం లేదంటే, ఇళ్ళలో వాడే సింగిల్ ఫేజ్ మోటారైతే ముందు దాన్ని తిరగడం మొదలెట్టించే కెపాసిటర్ మీదికే అనుమానం పోతుంది. ఒకసారి ఫోనులో సమస్య చెబుతుంటే, అవతలివారు ఈ శబ్దాలేవీ రాసుకోకుండా ‘యంత్రం పనిచేయడం లేదు’ అని మాత్రం నమోదు చేసుకున్నారు. నేను చెప్పిన అసలు విషయమంతా ఆ శబ్దంలోనే ఉంది.

నా జవాబు: మీరు చెప్పింది చదివాక నా ఉత్తరం మళ్ళీ తీసి చూసుకున్నాను. గరగర అని నేనూ రాయలేదు. రాతలో అలాంటి మాట పెడితే తక్కువగా ఉంటుందేమోనన్న సంకోచం చేతిని ఆపింది. ధ్వన్యనుకరణ పదాలు కథలకూ పాటలకూ తప్ప వ్యవహారానికి తగవని మనకెవరు నేర్పారో గానీ, అది మానుకోవలసిన అలవాటు. నాలుగు వాక్యాల వర్ణన చేయలేని పని ‘గరగర’ చేస్తుంది.

బ్లేడు సంగతీ ఇలాంటిదే. ‘బ్లేడు అరిగింది’ అని అందరూ అంటారు. పదును పోతే మొద్దుబారింది అనాలి. చెక్కలో దాగిన మేకు తగిలి అంచు చిట్లితే నొక్కు పడింది అనాలి. ఈ రెండింటి ఆనవాళ్ళు వేరు. మొద్దుబారిన బ్లేడు చెక్క పీచును కోయకుండా లేపుతుంది. నొక్కు పడిన బ్లేడు చెక్క పొడుగునా సన్నని గట్టు వదులుతుంది, వేలు అడ్డంగా పోనిస్తే తగులుతుంది. మొద్దుబారితే సానపట్టాలి, లేదా మార్చాలి. నొక్కు చిన్నదైతే బ్లేడ్లలో ఒకదాన్ని వెంట్రుకవాసి పక్కకు జరిపితే చాలు, ఒకదాని నొక్కు వదిలిన గట్టును రెండోది కోసేస్తుంది. సరైన మాట పట్టుకుంటే ఒక్కోసారి విడిభాగమే అక్కర్లేదు.

మరొక సభ్యుడు: ‘విడిభాగం’ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. విడి అంటే విడిగా ఉన్నది. చెడినదాని స్థానంలో పెట్టేది అనే అర్థం అందులో ఎక్కడుంది? ‘మారుభాగం’ అంటే నప్పదా? మారుతాళం, మారుపేరు ఉన్నాయి కదా.

నా జవాబు: మారుభాగం నాకు నచ్చింది. అయితే రెండూ ఉండనిద్దాం. అంగట్లో విడిగా దొరికేది విడిభాగం. నా యంత్రంలో చెడినదాని చోట కూర్చునేది మారుభాగం. పట్టేసిన బేరింగును ఊడదీసి చూస్తే అంచు మీద 6203 అని చెక్కి ఉంది. లోపలి రంధ్రం 17, బయటి కొలత 40, మందం 12 మిల్లీమీటర్లు. ఎవరు తయారుచేసినా ఆ అంకెకు అవే కొలతలు. 6204 నుంచి చివరి రెండంకెలను 5తో గుణిస్తే రంధ్రం కొలత వస్తుంది, 6204కు 20, 6205కు 25. బెల్టు మీద ఏ 38 అని ఉంటే ఏ అన్నది పై వెడల్పు 13 మిల్లీమీటర్లని, 38 అన్నది అంగుళాల్లో పొడవని చెబుతాయి. ఇలాంటివి యంత్రం తయారీదారు దగ్గరే కొనాలని లేదు, బేరింగులు అమ్మేవారెవరి దగ్గరైనా దొరుకుతాయి. పోత పోసిన బల్ల, ఆ నమూనాకే చేసిన గేరు, దిమ్మె మాత్రం తయారీదారే ఇవ్వాలి. అక్కడ యంత్రం మీది రేకుపై ఉన్న నమూనా పేరు, వరుస సంఖ్య రాయకపోతే ఎంత మంచి తెలుగు రాసినా ఉపయోగం లేదు.

మొదటి సభ్యురాలు మళ్ళీ: హామీ పత్రాల్లో ‘సాధారణ తరుగుదలకు హామీ వర్తించదు’ అని చూశాను. అరుగుదల కాదా?

నా జవాబు: అరుగుదలేనండీ. తరుగుదల విలువకు, పరిమాణానికి సంబంధించింది. లెక్కల పుస్తకంలో యంత్రం విలువ తరుగుతుంది, కార్ఖానాలో దాని మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షు అరుగుతుంది. ఈ తేడా కొనుగోలుదారుకు ముఖ్యం. బ్రష్షులు, బెల్టులు, బ్లేడ్ల వంటి అరిగే భాగాలకు సాధారణంగా హామీ ఉండదు. పోతలో లోపం వల్ల గేరు పన్ను విరిగితే అడిగే హక్కు ఉంటుంది. అందుకే విరిగినదాన్ని ‘అరిగింది’ అని రాయకూడదు. ‘విరగ్గొట్టాను’ అని అర్థం వచ్చేలా అసలే రాయకూడదు. విరిగిన పన్నుకు దగ్గరగా ఫోటో తీసి, ఆ విరుపు కొత్తగా, గరుకుగా ఉందో, అందులో పాత నలుపు ఉందో కూడా రాయండి. పాత నలుపు ఉంటే బీట ముందునుంచే ఉందని అర్థం.

నా రెండో ఉత్తరం ఇలా వెళ్ళింది: ‘చిత్రిక యంత్రం ఆగిపోయింది. బెల్టు కప్పీ మీద జారి, మాడి తెగింది. బ్లేడ్ల దిమ్మెను చేత్తో తిప్పితే కుడి చివర గరగరమని పట్టేస్తోంది. ఆ చివరి బేరింగు 6203. బేరింగు, బెల్టు నేను కొనుక్కోగలను. దిమ్మె ఊడదీసే వరుస, బేరింగు కూర్చునే గూడు కొలత తెలపగలరు.’ ఈసారి ఎదురు ప్రశ్న రాలేదు. గూడు కొలతతో పాటు భాగాలన్నీ విడదీసి, ఒక్కోదానికి అంకె వేసిన బొమ్మ పంపారు.

ఆ బొమ్మకు ఇప్పుడు తెలుగు పేరు కావాలి. ఇంగ్లీషులో దాన్ని ‘ఎక్స్‌ప్లోడెడ్ వ్యూ’ అంటారు. ‘విస్ఫోటన చిత్రం’ అని ఎక్కడో చూశాను, అది బాంబు పేలినట్టుంది. నేను ‘విప్పిన బొమ్మ’ అని రాసుకున్నాను. ఇంతకంటే మంచి మాట, ముఖ్యంగా పనిచేసేవాళ్ళ నోట విన్నది, మీకు తెలిస్తే చెప్పండి.