మెరుగైన తిండి పక్కనే ఉన్నా చీమలు పాత బాట ఎందుకు వదలవు?
నల్ల చీమల పుట్టకి సమాన దూరంలో రెండు చక్కెర నీళ్ల చుక్కలు పెడుతున్నాను: ఒకటి 5 శాతం, ఇంకోటి 20 శాతం. ఒకేసారి పెడితే చిక్కటిదాన్నే ఎంచుకుంటాయి. పలచటిది అరగంట ముందు పెడితే మాత్రం దానికే బారు కట్టి, రెండోదాన్ని దాదాపు పట్టించుకోవు. ఒకటీ అరా చీమ దాన్ని కనిపెట్టి పొట్ట ఉబ్బేలా తాగి వెళ్తుంది, అయినా వెనక ఎవరూ రారు!

చోట్లు తారుమారు చేసి మొదలుపెట్టినా అంతే. చక్కెర ఇంకా పెంచినా మార్పు లేదు. కింద కాగితం మార్చి వాసన బాట తీసేస్తేనే మళ్లీ వెతుకుతున్నాయి. అర్జెంటీనా చీమల మీద 1989లో వచ్చిన ప్రయోగంలోనూ, ఆలస్యంగా తెరిచిన దగ్గరి దారిని అవి ఎంచుకోలేదు. కాబట్టి ఫెరమోన్ (చీమలు నడిచే దారిలో వదిలే వాసన రసాయనం) వల్లే జరుగుతోందన్నది ఓకే, ఎలా అన్నది అర్థమైంది.

నష్టం కళ్లెదుటే కనిపిస్తున్న ఈ మొండితనం పరిణామంలో ఎందుకు నిలిచింది, పుట్టకి దీనివల్ల ఏ లాభం?