కిసుము దగ్గర పిల్లల హోమ్ కట్టాలనుకుంటున్నాం, ముందుగా ఏమేం చూసుకోవాలి?

ఒంగోలు సివిల్:
అందరికీ వందనాలు. ఒంగోలులో పన్నెండేళ్లుగా సైట్ ఇంజనీరుగా చేస్తున్నాను. నా భార్య స్టాఫ్ నర్సు. వచ్చే ఏడాది కెన్యాలో కిసుము దగ్గర ఒక పల్లెకు సేవకు వెళ్లాలని మూడేళ్లుగా ప్రార్థిస్తున్నాం. అమ్మానాన్న లేని పిల్లలు 40 మంది ఉండేలా అక్కడ హోమ్ కట్టాలని మా ఆశ. సంఘంలో కానుకలు ఇవ్వడం మొదలుపెట్టారు. రెండు డార్మిటరీలు, వంటగది, బోరు వచ్చేలా ప్లాన్ గీశాను. అక్కడ ఇటుక ఎలా ఉంటుంది? పని ఏ నెలలో మొదలుపెట్టాలి? అనుమతుల సంగతేంటి? అక్కడ పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

విజయవాడ ఆడిటర్:
డబ్బు సంగతి ఒక్కటి చెబుతాను. కానుకలు మీ చర్చి ట్రస్టు ఖాతాలో పడుతుంటే జాగ్రత్త. ట్రస్టు ఆదాయాన్ని మన దేశం బయట ఖర్చు పెడితే మామూలుగా పన్ను మినహాయింపు ఉండదు, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) అనుమతి విడిగా ఉండాలి. ఒక్క రూపాయి పంపకముందే మీ ఆడిటర్‌తో కూర్చోండి.

సియాయా అక్క:
తమ్ముడూ, మాది భీమవరం. 2009 నుంచి నేనూ మా ఆయనా సియాయాలో ఉంటున్నాం, మీరు వెళ్లే చోటికి దగ్గరే. మేమూ మీలాగే వచ్చి 24 మంచాల హోమ్ కట్టాం. అందుకే ఇటుక కంటే ముందు వేరే మాట చెప్పాలి.

మా దగ్గరికి ఏడేళ్ల బాబు ఒకడు వచ్చాడు. అమ్మానాన్న ఇద్దరూ హెచ్ఐవీతో పోయారు. ఏప్రిల్ వానల్లో వాళ్ల నాయనమ్మ తీసుకొచ్చింది. ఇల్లంతా కారుతోంది, పిల్లాడు పడుకోవడానికి పొడి చోటు లేదు, వానలు తగ్గాక వచ్చి తీసుకెళ్తానంది. మేం ఫారంలో 'అనాథ' అని రాశాం. జూలైలో ఆవిడ బుట్టలో వేరుశనక్కాయలు పెట్టుకుని నడిచి వచ్చింది. ఆ రోజు మంగళవారం. చూడనిచ్చేది ఆదివారమే అని గేటు దగ్గరే చెప్పి పంపేశాం. ఆ నియమం పెట్టింది నేనే. ఆ బుట్ట ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోదు.

ఆ డిసెంబరులో బడికి సెలవులిచ్చాక ఒక్కొక్కరి ఊరికీ వెళ్లి చూశాం. 24 మందిలో 19 మందికి నాయనమ్మో, పిన్నో, పెదనాన్నో ఉన్నారు. ఆ బాబు ఇంటికి కావలసింది 18 రేకులు. మా భోజనాల హాలు మీద అంతకు ఎన్నో రెట్లు వేశాం!

ఇంకో సంగతి బయటివాళ్లకు తట్టదు. ఇక్కడ లువో అనే తెగ వాళ్లలో కొడుకు ఎదిగాక తండ్రి ఆవరణలోనే తన గుడిసె వేసుకుంటాడు, దాన్ని సింబా అంటారు. వాడికి నేల మీద హక్కు, ఊళ్లో మాట అక్కడి నుంచే మొదలవుతాయి. పదేళ్లు హోమ్‌లో పెరిగిన పిల్లాడు ఊరికి తిరిగొస్తే తండ్రి పొలం అప్పటికే బాబాయిల సాగులో ఉంటుంది. కడుపు నింపి, చదువు చెప్పి, వాడి ఊరిని వాడికి లేకుండా చేశాం.

అనుమతుల విషయం. 2017 నవంబరులోనే ప్రభుత్వం కొత్త హోమ్‌ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. 2022లో కొత్త పిల్లల చట్టం వచ్చింది. హోమ్‌లలోని పిల్లల్ని కుటుంబాలకు చేర్చడానికి 2032 దాకా పదేళ్ల ప్రణాళిక కూడా పెట్టుకున్నారు. కాబట్టి 40 మంచాల ప్లాన్ పక్కన పెట్టండి. మీ చేతిపని మాత్రం చాలా కావాలి.

మేమిప్పుడు నాయనమ్మల ఇళ్లు కడుతున్నాం. రెండు గదులు, 28 గేజి రేకు, వాననీళ్లు పట్టే గట్టర్, ఒక ట్యాంకు. ఇటుక కాల్చం. ఎర్రమట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి చేతి ప్రెస్సులో నొక్కి, తడుపుతూ ఆరబెడతాం, కట్టెలు మిగులుతాయి. పెద్ద వానలు మార్చి నుంచి మే దాకా, చిన్న వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. జూన్‌లో పునాది తీస్తే అక్టోబరుకు ముందే రేకు పడుతుంది. మేస్త్రీని ఇక్కడ ఫుండి అంటారు, ఆ ఊరి ఫుండినే పెట్టుకోండి. మీరిద్దరూ రావడానికి మత, ధార్మిక సేవకు ఇచ్చే క్లాస్ ఐ పర్మిట్ కావాలి.

ఒంగోలు సివిల్:
అక్కా, రాత్రి మీ జవాబు నా భార్యకు చదివి వినిపించాను, చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. మరి నిజంగా ఎవరూ లేని ఆ అయిదుగురు? బిల్డింగు కోసమని కానుకలిచ్చినవాళ్లకు నేనేం చెప్పాలి?

సియాయా అక్క:
అయిదుగురిలో నలుగుర్ని పిల్లల శాఖ ద్వారా అదే ప్రాంతంలో పెంపుడు కుటుంబాలు తీసుకున్నాయి. నడవలేని పాప ఒకతి మాతోనే ఉంది, మా ఇంట్లోనే, మా కూతురిగా.

సంఘానికి ఉన్నదున్నట్టు చెప్పండి. మా సంఘంలో ఇద్దరు కానుక ఆపేశారు, మిగతావాళ్లు ఫలానా అమ్మమ్మ ఇల్లు ఎంతవరకు వచ్చిందని అడగడం మొదలుపెట్టారు. ఇంకా, అలాంటి పిల్లలున్న పేద ఇళ్లకు ప్రభుత్వం నెలకు 2,000 షిల్లింగులు ఇచ్చే పథకం ఉంది. పేరు నమోదుకు ఆ ముసలమ్మలకు తోడెళ్లే మనిషి కావాలి. మందులు వేళకు పడుతున్నాయో లేదో చూడటానికి మీ ఆవిడ లాంటి నర్సు ఇంకా కావాలి.

జూన్‌కు రాగలిగితే చెప్పండి. ముగ్గురు మనవల్ని పెట్టుకుని ఒక పెద్దావిడ వంటపాకలో పడుకుంటోంది. స్థలం కొలతలు పంపుతాను, ప్లాన్ మీరే గీయండి.