చిన్న కార్ఖానాలో కూలి, అద్దె, కరెంటు ఖర్చులను ఒక్కో వస్తువు మీద ఎలా పంచాలి?

ప్రశ్న

మాది చెక్క సామాను తయారుచేసే చిన్న కార్ఖానా. ఆరుగురు పనివాళ్లు, వారిపై ఒక మేస్త్రీ ఉన్నారు. కొనుగోళ్లు, ఖాతాదారులతో మాటలు, అవసరమైనప్పుడు చేతిపని కూడా నేనే చూసుకుంటాను. మేము చేసే పని రెండు రకాలు. ఒకే నమూనాలో పెద్ద సంఖ్యలో చేసే బల్లలు ఒకటి, కొనేవారు చెప్పిన కొలతలకు తగ్గట్టు చేసే అలమరలు రెండోది. ప్రస్తుతం నెల మొత్తం కూలి, షెడ్డు అద్దె, కరెంటు, యంత్రాల తరుగుదల అన్నీ కలిపి, ఆ నెలలో ఏ వస్తువుకు ఎంత విలువైన చెక్క వాడామో ఆ నిష్పత్తిలో పంచుతున్నాము. ఈ లెక్క ప్రకారం అలమరలు మంచి లాభాన్నీ, బల్లలు నష్టాన్నీ చూపిస్తున్నాయి. అయితే అలమరల ఆర్డర్లు ఎక్కువగా వచ్చిన నెలల్లోనే చివరికి చేతిలో మిగిలేది తగ్గుతోంది. బల్లలు మానేసి పూర్తిగా అలమరల వైపు వెళ్లాలా అన్న నిర్ణయం ఈ లెక్క మీదే ఆధారపడి ఉంది కనుక, ఖర్చులను పంచడానికి సరైన పద్ధతి ఏమిటో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1

మీరు గమనించిన వైరుధ్యానికి కారణం మీరు ఎంచుకున్న ప్రాతిపదికలోనే ఉన్నట్టు తోస్తోంది. అద్దె గానీ, మేస్త్రీ జీతం గానీ చెక్క ధరను బట్టి పెరగవు, తగ్గవు. ఒకే బల్లను చవక చెక్కతో ఒకటి, దానికి మూడింతల ఖరీదున్న చెక్కతో ఒకటి చేశారనుకోండి. రెండింటికీ పట్టే శ్రమ దాదాపు ఒకటే. అయినా మీ లెక్క రెండోదాని మీద మూడింతల కూలి, మూడింతల అద్దె మోపుతుంది. కొలతలు తీసుకోవడం, అతుకులు సరిచూడడం, తలుపులు బిగించడం వంటి చేతిపని ఎక్కువగా ఉండే అలమరల నిజమైన భారం అందులో కనబడకుండా పోయి, చెక్క ఎక్కువ పట్టే బల్లల మీద పడుతూ ఉండవచ్చు.

కాబట్టి ముందుగా కూలిని మిగతా ఖర్చుల నుంచి వేరు చేయండి. ఏ పనివాడు ఏ ఆర్డరు మీద ఎంతసేపు పనిచేశాడో తెలియకుండా కూలిని సరిగా పంచడం ఎవరికీ సాధ్యం కాదు. ప్రతి ఆర్డరుకూ, ప్రతి బ్యాచ్‌కూ ఒక జాబ్ కార్డు పెట్టి, పని మొదలుపెట్టిన వేళ, ఆపిన వేళ రాయించండి. రోజు చివర గుర్తు తెచ్చుకుని రాసే అంకెలు చాలా త్వరగా ‘అటూ ఇటూగా సగం సగం’ అన్న స్థితికి చేరతాయి కనుక, పని జరిగే చోటే, పని మారినప్పుడల్లా రాయడం ముఖ్యం. ఈ రాత పనివాళ్ల మీద నిఘా కాదని వారికి ముందే నచ్చజెప్పాలి. లేకపోతే ఖాళీ సమయాన్ని కూడా ఏదో ఒక ఆర్డరు ఖాతాలో రాసేస్తారు, అప్పుడు కార్డు ఉండీ ప్రయోజనం ఉండదు.

తర్వాత గంట రేటు. ఇక్కడ చాలామంది జీతాన్ని హాజరు గంటలతో భాగించి అక్కడితో ఆగిపోతారు. ఉదాహరణకు ఒక పనివాడి జీతం, యజమానిగా మీరు అతని తరఫున కట్టే ఇతర చెల్లింపులు కలిపి నెలకు 30,000 అవుతోందని, మీరు జీతం ఇచ్చే గంటలు 200 అని అనుకుందాం. గంటకు 150 అని వస్తుంది. కానీ జీతంతో కూడిన సెలవులు, శుభ్రం చేసుకోవడం, పనిముట్లకు పదును పెట్టడం, విరామాలు పోగా వస్తువు మీద నిజంగా గడిచేది 150 గంటలే అయితే, ఒక్కో ఉత్పాదక గంటకు మీకు పడుతున్న ఖర్చు 200. ధర 150 లెక్కన కట్టి, జీతం 200 లెక్కన ఇస్తుంటే, పని పెరిగినా చేతిలో మిగిలేది తగ్గడంలో ఆశ్చర్యం లేదు.

ఒక్క హెచ్చరిక. ఎప్పుడూ ఉండే సెలవులు, విరామాల భారాన్ని గంట రేటులో కలపవచ్చు. సరుకు రాక పని నిలిచిపోయిన రోజును, యంత్రం చెడిపోయి ఖాళీగా గడిచిన పూటను మాత్రం ఏ వస్తువు మీదా వేయకుండా విడిగా రాయండి. అది అలమర ఖర్చూ కాదు, బల్ల ఖర్చూ కాదు; దాన్ని విడిగా చూపినప్పుడే ఎవరైనా దాని సంగతి పట్టించుకుంటారు.

జవాబు 2

పై సమాధానంతో ఏకీభవిస్తూ, యంత్రాల గురించి ఒక మాట చేరుస్తాను. రంపం యంత్రాన్నీ, చిత్రిక పట్టే యంత్రాన్నీ ఒక కొలత నుంచి మరో కొలతకు మార్చి సిద్ధం చేయడానికి పట్టే సమయాన్ని జాబ్ కార్డులో వేరే వరుసలో రాయించండి. ఆ సెటప్‌కు రెండు గంటలు పడుతుందనుకుంటే, 50 బల్లల బ్యాచ్‌లో ఒక్కోదాని వాటా 2.4 నిమిషాలు, ఐదు అలమరల ఆర్డరులో ఒక్కోదాని వాటా 24 నిమిషాలు. సెటప్ ఖర్చు పీసుల సంఖ్యను బట్టి రాదు, బ్యాచ్‌ల సంఖ్యను బట్టి వస్తుంది. అన్నిటికీ ఒకే సగటు రేటు వేస్తే పెద్ద బ్యాచ్‌లు చిన్న ఆర్డర్ల ఖర్చును మోస్తూ ఉంటాయి.

1980లలో అకౌంటింగ్ ఆచార్యులు రాబిన్ కూపర్, రాబర్ట్ కప్లాన్ కార్యకలాపాల ఆధారిత వ్యయ పద్ధతిని, అంటే ఖర్చును దానికి కారణమైన పనులను బట్టి పంచే పద్ధతిని, ప్రచారంలోకి తెచ్చినప్పుడు ప్రధానంగా ఎత్తిచూపింది ఈ లోపాన్నే. ఆ పద్ధతిని పూర్తిస్థాయిలో అమలు చేయడం చిన్న సంస్థలకు మోయలేని పని. 2004లో కప్లాన్, స్టీవెన్ ఆండర్సన్ ప్రతిపాదించిన సరళమైన రూపానికి మాత్రం రెండే అంకెలు కావాలి: ఒక విభాగంలో నిమిషానికి అయ్యే ఖర్చు, ఒక్కో పనికి పట్టే నిమిషాలు. మీ జాబ్ కార్డులు సక్రమంగా ఉంటే ఇది మీకు అందుబాటులోనే ఉంటుంది.

అద్దె, మేస్త్రీ జీతం వంటివాటిని శ్రమ గంటల మీద పంచండి. యంత్రాల కరెంటు, తరుగుదల, మరమ్మతులను యంత్ర గంటల మీద పంచండి. ఈ రెండు రేట్లకు మించి ప్రస్తుతం అవసరం లేదని నా అభిప్రాయం. లెక్క మరీ సూక్ష్మమైతే దాన్ని నెలనెలా కొనసాగించే ఓపిక ఎవరికీ ఉండదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. జాబ్ కార్డులు వెంటనే మొదలుపెడతాము. మరి పని తక్కువగా ఉన్న నెలలో గంటలు తగ్గుతాయి కదా. అదే అద్దెను తక్కువ గంటలతో భాగిస్తే ఒక్కో వస్తువు ఖర్చు పెరిగిపోతుంది. అప్పుడు ధర పెంచాలా? నా సొంత శ్రమను, ఓవర్‌టైమ్‌ను ఎక్కడ రాయాలి?

జవాబు 3

ధర పెంచవద్దు. పని తగ్గిన నెలలో ధర పెంచితే ఆర్డర్లు ఇంకా తగ్గుతాయి, మరుసటి నెల గంట రేటు ఇంకా పెరుగుతుంది. అలా ఒక్కో మెట్టూ దిగుతూ సంస్థ మూతపడే స్థితికి చేరుతుంది. దీనికి విరుగుడు, ఆ నెలలో జరిగిన అసలు గంటలతో కాకుండా సాధారణ సామర్థ్యంతో, అంటే మామూలు పరిస్థితుల్లో సగటున జరిగే పని గంటలతో, భాగించడం. మొదటి జవాబులోని అంకెల ప్రకారం మీ ఆరుగురికీ కలిపి నెలకు 900 ఉత్పాదక గంటలు. శ్రమ గంటల మీద పంచాల్సిన స్థిర ఖర్చులు 90,000 అనుకుంటే, గంటకు 100. మందకొడి నెలలో 600 గంటల పనే జరిగినా రేటు 100గానే ఉంచి, 60,000 వస్తువుల మీద వేయండి. మిగిలిన 30,000ను ‘వాడుకోని సామర్థ్యం’ అన్న పద్దు కింద ఆ నెల ఖర్చుగా చూపండి. నెలజీతం పొందే పనివాళ్ల ఖాళీ గంటలకూ ఇదే వర్తిస్తుంది. సరుకు నిల్వల విలువ కట్టే అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 2 కూడా స్థిర ఉత్పత్తి ఖర్చులను సాధారణ సామర్థ్యం ఆధారంగానే పంచాలనీ, తక్కువ ఉత్పత్తి వల్ల మిగిలిపోయిన భాగాన్ని ఆ కాలపు ఖర్చుగా రాయాలనీ చెబుతుంది. అసాధారణమైన వృథాను, అమ్మకాల ఖర్చులను నిల్వల విలువలో కలపనివ్వదు.

ఓవర్‌టైమ్ విషయంలో కారణాన్ని చూడాలి. మామూలు గంటకు 150, అదనపు గంటకు 225 ఇస్తున్నారనుకుంటే, ఆ 75 తేడా ఎవరివల్ల వచ్చింది? కొనుగోలుదారు తొందరపెట్టి అడిగిన ఆర్డరు వల్ల అయితే ఆ ఆర్డరు మీదే వేయండి. మొత్తంగా పని ఎక్కువై వచ్చినదైతే పరోక్ష ఖర్చుల్లో, అంటే అద్దెలాగా ఏ ఒక్క వస్తువుకూ నేరుగా చెందనివాటిలో, కలపండి. సాయంత్రం వేళ ఏ పీసు పనిలో ఉందో, దాని మీద ఆ తేడాను మోపడం న్యాయం కాదు.

మీ సొంత శ్రమ సంగతి. మీరే ఏకైక యజమాని అయితే మీరు తీసుకునే సొమ్ము ఖాతాల్లో జీతంగా కాక సొంత వాడకంగా నమోదవుతుంది. ధర కట్టేటప్పుడు మాత్రం, మీ బదులు మరొకరిని పెట్టుకుంటే ఎంత ఇవ్వాల్సి వచ్చేదో ఆ మొత్తాన్ని తప్పక కలపండి. మీరు చిత్రిక పట్టిన గంటలు ఉత్పత్తి ఖర్చులోకి, ఖాతాదారులతో గడిపిన గంటలు అమ్మకాల ఖర్చులోకి వెళ్తాయి. అలమర కోసం రెండు మూడు సార్లు కొలతలకు వెళ్లడం, నమూనా మార్చి మళ్లీ గీయడం వంటివి ఆ ఆర్డరు కోసమే జరిగాయి కనుక, దాని లాభం చూసేటప్పుడు వాటిని దాని ఖాతాలోనే చూడాలి.

ఇక బల్లలు మానేయాలా అన్న మీ అసలు ప్రశ్నకు, పంచిన ఖర్చులతో కూడిన ఏ పట్టికా, అది ఎంత సరైనదైనా, నేరుగా జవాబు చెప్పదు. బల్లలు ఆపితే అద్దె తగ్గదు, మేస్త్రీ జీతం తగ్గదు. ఇప్పుడు వాటి మీద ఉన్న వాటా మొత్తం అలమరల మీదకు వస్తుంది. అందుకే ఆ నిర్ణయం కోసం వేరే లెక్క వేయండి: అమ్మకం ధరలోంచి, ఆ వస్తువు చేయకపోతే నిజంగా ఆగిపోయే ఖర్చులను మాత్రమే, అంటే చెక్క, పాలిష్, పీసు లెక్కన ఇచ్చే కూలి వంటివాటిని, తీసివేసి మిగిలేదెంతో చూడండి. అది సున్నా కంటే ఎక్కువైతే, అంతకంటే మేలైన పని చేతిలో లేనంతవరకు బల్లలు మీ అద్దెలో కొంత భాగాన్ని కడుతున్నట్టే.

మేలైన పని ఉందా లేదా అన్నది మీ కార్ఖానాలో అన్నిటికంటే ముందు నిండిపోయే చోటును బట్టి తేలుతుంది. అది పాలిష్ గది అనుకుందాం. ఒక అలమర 6,000 మిగిల్చి, ఆ గదిని 12 గంటలు ఆక్రమిస్తే, గంటకు 500. ఒక బల్ల 1,500 మాత్రమే మిగిల్చినా రెండు గంటల్లో బయటికి వస్తే, గంటకు 750. పాలిష్ గది ముందు పని వరుస కట్టి ఉన్నంతకాలం బల్లే మీకు ఎక్కువ ఇస్తోంది. ఆ గది ఖాళీగా ఉండే నెలల్లో ఈ పోలికకు అర్థం లేదు, రెండూ చేయవచ్చు. జాబ్ కార్డుల్లో పాలిష్ గది గంటలను విడిగా రాయించి, కొన్ని నెలల అంకెలు చేతికి వచ్చాక ఇక్కడ పెట్టండి, బల్లల విషయం అప్పుడు తేల్చవచ్చు.