1956 జాన్సన్ మోటారు: ప్రెషర్ ట్యాంకే ఉంచాలా, పంపు పెట్టాలా?

సరస్సుగట్టు (మిన్నెసోటా):
పక్కింటి పెద్దాయన గ్యారేజీ ఖాళీ చేస్తూ తన 1956 జాన్సన్ సీ-హార్స్ పడవ మోటారు నాకిచ్చారు. 10 హార్స్‌పవర్, రెండు సిలిండర్లు. ప్లగ్గుల్లో నిప్పు బాగానే వస్తోంది. నా టెన్షన్ అంతా దానితో వచ్చిన రేకు ట్యాంకు గురించే.

తెలియనివారి కోసం చెబుతున్నాను. అప్పటి జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లు చాలావాటికి పెట్రోలు పంపు ఉండేది కాదు. ట్యాంకుకు జంట గొట్టాలుంటాయి. క్రాంక్‌కేస్ (పిస్టన్ల కింద ఉండే మోటారు పెట్టె) నుంచి ఒకదానిలో గాలి వెళ్లి ట్యాంకులో ఒత్తిడి పెంచుతుంది, ఆ ఒత్తిడికి రెండోదానిలోంచి పెట్రోలు కార్బురేటర్‌కు ఎక్కుతుంది. అమ్మమ్మగారింట్లో గాలి కొట్టి వెలిగించిన పంపు స్టవ్ కూడా ఇదే పద్ధతి.

దీన్ని తీసేసి పంపు, ఒంటి గొట్టం పెడదామని ఉంది. పిల్లలు పడవ ఎక్కుతారు. కానీ డెబ్బై ఏళ్ల మోటారుకు డ్రిల్లు పెట్టడానికి చెయ్యి రావడం లేదు.

పాతమోటారు:
డ్రిల్లు పెట్టకండి. ట్యాంకులో పాడయ్యేది రబ్బరే: మూత సీలు, పైన నొక్కే బటన్ కింద డయాఫ్రమ్ (పలచటి రబ్బరు పొర), గ్యాస్కెట్లు (అతుకుల మధ్య పెట్టే సీళ్లు), గొట్టాలు. అన్నీ కొత్తవి దొరుకుతున్నాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు తట్టుకునే గొట్టం అడిగి తీసుకోండి. పాత రబ్బరు ఆ పెట్రోలుకు మెత్తబడుతుంది.

రబ్బరును ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, కన్నాన్ని మార్చలేం. ఈ మోటార్లు చేసిన కంపెనీ 2000లో దివాలా తీసింది. ఎవిన్‌రూడ్ పేరుతో తయారీ కూడా 2020లో ఆగింది. చెడగొట్టుకుంటే పోత భాగాలు మళ్లీ ఎవరూ పోసివ్వరు.

రెండుస్పానర్లు (మిషిగన్):
పాతమోటారు గారూ, గ్యాస్కెట్లు మార్చినా ట్యాంకు పద్ధతి మారదు కదా. పంపు స్టవ్ వంటింటి నేల మీద ఉండేది. ఇది పడవలో మన కాళ్ల దగ్గర ఉంటుంది. పైగా పెట్రోలు. ఒత్తిడి చదరపు అంగుళానికి కొద్ది పౌండ్లే, నిజమే. కానీ పంపు పద్ధతిలో గొట్టం చిట్లితే పంపు గాలి పీల్చి మోటారు ఆగుతుంది. ఇక్కడైతే మోటారు ఆగాక కూడా ట్యాంకు పెట్రోలును బయటికి తోస్తూనే ఉంటుంది. నాకది జరిగింది. నేనే కత్తిరించి వేసుకున్న గ్యాస్కెట్ సరస్సు మధ్యలో ఊడింది. మూత వదులు చేసి ఒత్తిడి తీసేసరికి పడవ అడుగంతా తడి. వెనక మోటారు వేడిగా ఉంది, ముందు మా అబ్బాయి కూర్చుని ఉన్నాడు. ఆ రోజు నుంచి నాకు ఈ విషయంలో రెండో ఆలోచన లేదు.

పని ఎలా చెయ్యాలో చెబుతాను, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. చిన్న చదరపు డయాఫ్రమ్ పంపుకు మూడు నాళాలుంటాయి: పెట్రోలు లోపలికి ఒకటి, బయటికి ఒకటి, క్రాంక్‌కేస్ నుంచి ఊపు అందుకునేది ఒకటి. పిస్టన్ కదలికతో పుట్టే ఆ ఊపే డయాఫ్రమ్‌ను ఆడిస్తుంది. దాన్ని ఒక్క సిలిండర్ నుంచే తీసుకోవాలి. పాత గాలి గొట్టం దారినే వాడుకోవచ్చుగా అనిపిస్తుంది. కానీ అక్కడ రెండు సిలిండర్లూ కలుస్తాయి. ఒకటి తోస్తున్నప్పుడు రెండోది లాగుతుంది, ఊపు చచ్చిపోతుంది. అందుకే సిలిండర్ పక్కన మరలతో బిగించిన బైపాస్ మూతకు కన్నం వేసి, ఆ కన్నంలో మర కోసి, ఇత్తడి నిపుల్ (గొట్టం తొడిగే చిన్న నాళం) బిగిస్తారు. ఊపు గొట్టం పొట్టిగా ఉండాలి. పాత గాలి దారిని పూర్తిగా మూసెయ్యాలి, లేకపోతే మోటారు అక్కడ గాలి పీల్చి సరిగా నడవదు.

పంపుకు మార్చినా పెట్రోలులో కలిపే ఆయిల్ పాళ్లు మారవు. ఆ మోటారుకు 24 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిలే. కొత్త మోటార్ల 50 పాళ్ల లెక్క వాడితే బేరింగులు పోతాయి.

పాతమోటారు:
మీ అబ్బాయి సంగతి చదివి మనసు కలుక్కుమంది. అయినా ఒక మాట. ఇక్కడ అమెరికాలో 2011 నుంచి అమ్మే ప్లాస్టిక్ ట్యాంకులు 5 పౌండ్ల ఒత్తిడి వరకు ఆవిరిని బయటికి వదలవు, నిబంధనే అలా ఉంది. ఎండలో పెడితే బుడగలా ఉబ్బి, పెట్రోలును కార్బురేటర్ దాకా తోస్తాయి. కొత్తది కొన్నంత మాత్రాన ఒత్తిడి బాధ పోయిందనుకోవద్దు.

రెండుస్పానర్లు:
ఒప్పుకుంటాను, ఈ మాట నేనే ముందు చెప్పాల్సింది. మోటారు ఆపగానే గొట్టం ఊడదీయాలి, ట్యాంకు నీడలో ఉంచాలి. అయినా తేడా ఉంది. పాత ట్యాంకు ఒత్తిడి లేకుండా పనే చెయ్యదు.

సరస్సుగట్టు:
ఇద్దరూ చెప్పింది చదివాక పంపు వైపే వెళ్తున్నాను. అయితే అసలు మూతకు కన్నం వెయ్యను. విడిభాగాల కోసం విప్పేసిన అదే మోడల్ మోటారు నుంచి పాత బైపాస్ మూత ఒకటి కొన్నాను, డ్రిల్లు దానికే. నా మోటారు మూత, ఆ జంట గొట్టం, రేకు ట్యాంకు, మూడూ నూనె రాసి దాస్తున్నాను. పెద్దాయన మనవడు ఎప్పుడైనా అడిగితే అన్నీ పాతవే బిగించి ఇవ్వగలను.

పాతమోటారు:
అలాగైతే నాకు అభ్యంతరం లేదు. మూత విప్పేటప్పుడు మరలు బిగుసుకుపోయి ఉంటాయి. ముందు వేడి చేయండి, బలం తర్వాత. మర తల తెగిందంటే ఎలాగూ డ్రిల్లు పట్టాల్సి వస్తుంది.