తులసి మీది తేనెటీగ ఫొటోలో మసకబారుతోంది, ఏం చేయాలి?

పాలమూరు మిద్దెతోట:
మహబూబ్‌నగర్‌లో మా మిద్దె మీద తులసి గుబురుగా పూసింది. ఎండ ఎక్కగానే తేనెటీగలు కమ్ముకుంటున్నాయి. చిన్నవాటిని దగ్గరగా తీసే వంద మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ అరువు తెచ్చుకుని నాలుగు రోజుల్లో ఆరు వందల ఫొటోలు తీశాను. రెక్కలు మసక, కళ్లు మసక. వెనకనున్న ఆకు మాత్రం ఈనెలతో సహా కనిపిస్తోంది!

బత్తాయి తోట, నల్లగొండ:
లెన్స్ రంధ్రం బాగా తెరుచుకునే ఎఫ్ 2.8లో తీస్తున్నారా? అంత దగ్గరగా తీస్తే స్పష్టంగా పడే లోతు అర మిల్లీమీటరు కూడా ఉండదు. రంధ్రాన్ని చిన్నది చేసి ఎఫ్ 8, 11 మధ్య పెట్టండి, షట్టర్ తెరుచుకునేది సెకనులో వెయ్యో వంతు. ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి, పెరిగితే పెరగనివ్వండి, దానివల్ల ఫొటోలో వచ్చే గరుకును తర్వాత సరిదిద్దుకోవచ్చు. ఆటోఫోకస్ ఆపేసి, నడుమును ముందుకూ వెనక్కూ ఊపుతూ కన్ను తేటపడగానే నొక్కండి. ఎగిరేటప్పటి రెక్కల మీద ఆశ వదులుకోండి, అవి సెకనుకు రెండు వందల సార్లకు పైగా కొట్టుకుంటాయి.

ఫోనుతోనే, దేవరకొండ:
నాది ఫోనుకు తగిలించే బుల్లి లెన్స్. మూడు నాలుగు సెంటీమీటర్ల దూరానికి వెళ్లాలి, నా నీడ పడగానే ఈగ లేచిపోతుంది. డబ్బాలో పట్టి కాసేపు ఫ్రిజ్‌లో పెడితే కదలదని ఒకరు చెప్పారు. నిజమేనా?

గట్టు మీద తంగేడు:
నిజమే, కానీ ఆ పని చేయకండి. మన ఫొటో కోసం దాన్ని గడ్డకట్టించడమేమిటి? తెల్లవారకముందే లేవండి. పొట్ట మీద నీలి చారలుండే ఈగ జాతిలో మగవి ఎండుపుల్లను దవడలతో కరిచి పట్టుకుని, వేలాడుతూ నిద్రపోతాయి. ఒళ్లు వేడెక్కేదాకా ఎగరలేవు, కావలసినన్ని ఫొటోలు తీసుకోవచ్చు.
ఇంకో మాట. తంగేడు మీద నల్ల తుమ్మెద వాలితే కెమెరా దించి వినండి. పువ్వును పట్టుకుని ఒళ్లంతా వణికిస్తుంది, ఝుంకారం ఒక్కసారిగా సన్నబడుతుంది, కేసరాల కొసన ఉన్న చిన్న రంధ్రాల్లోంచి పుప్పొడి చిమ్ముతుంది. తేనెటీగలకు ఆ విద్య రాదు.

పాలమూరు మిద్దెతోట:
ఈ రోజు ఎఫ్ 11లో ఒక్కటి కుదిరింది! కంటి మీద నూగు కూడా పడింది. తేనెటీగ కళ్లకు వెంట్రుకలుంటాయని నాకిప్పుడే తెలిసింది. వెనక కాలికి ఆవగింజంత పుప్పొడి ముద్ద. ఇక నీలి చారల వాటి కోసం రేపు చీకటితోనే మిద్దె ఎక్కుతాను. ఈలోగా మా అమ్మ వెన్నులు ముదిరితే మొక్క ఎండిపోతుందని కత్తెర పట్టుకుని వచ్చింది. పది రోజులు గడువు అడిగాను, వారం ఇచ్చింది.