సమస్య: సున్న పరుగుల వాఁడె పో శూరుఁడయ్యె

నిర్వాహకుడు:
మిత్రులందరికీ నమస్కారం. పెన్న ఒడ్డున మన జట్టు క్రికెట్ ఆట ఈ యేటికి ముగిసింది. అక్టోబరు వచ్చిందంటే ఈశాన్య రుతుపవనాలు వచ్చినట్టే. నెల్లూరు జిల్లాకు ఏడాది వానల్లో పెద్ద వాటా ఆ మూడు నెలల్లోనే పడుతుంది. ఇక సంక్రాంతి దాకా మైదానం నీళ్లది. పిచ్ మీద పరిచే పీచు చాప ఎండబెట్టి చుట్టేశాం, మేకులు సంచిలో కట్టేశాం.

ఏటా ఈ సమయానికి స్కోరు పుస్తకం తెరిచి, ఎక్కువ పరుగులు చేసినవారికీ ఎక్కువ వికెట్లు తీసినవారికీ బహుమతులిచ్చి చేతులు దులుపుకుంటున్నాం. ఈసారి పుస్తకం తిరగేస్తుంటే నా మనసుకు తృప్తి కలగలేదు. మనం గెలిచిన ఆటల్లో ఆటను మలుపు తిప్పినవారు ఎవరో మనందరికీ తెలుసు. వారి పేర్ల ఎదురుగా చాలా చోట్ల సున్నే ఉంది. పుస్తకంలో పట్టని ఆ మాటను పద్యంలో పట్టించాలని ఈ సమస్య ఇస్తున్నాను. ఇది పద్యానికి చివరి పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

సున్న పరుగుల వాఁడె పో శూరుఁడయ్యె

ఇది తేటగీతి పాదం. గణాలు, అంటే లఘుగురువుల గుంపులు, వరుసగా ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో అది కలవాలి. సు, శూలకు యతి ఎలా అని అడగబోయేవారికి ముందే చెబుతున్నాను: శ ష సలకు పరస్పరం యతి చెల్లుతుంది. ప్రాస నియమం లేదు. ఈ యేడు మన ఆటలో కళ్లారా చూసిన సంగతి పద్యంలో ఉండాలన్నదే నా షరతు.

కావలి మాస్టారు:
నిర్వాహకుల వారికి అభినందనలు. నా పూరణ ఇది.

చివరి జోడిగ వచ్చి తాఁ జెదర కుండ
నిలిచి బంతుల నెల్లను నేల కద్ది
యెదుటి వానికి నవకాశ మిచ్చి కడకు
సున్న పరుగుల వాఁడె పో శూరుఁడయ్యె

నిర్వాహకుడు:
మాస్టారూ, "బంతుల నెల్లను నేల కద్ది" అన్న చోట ఆ రోజు సాయంత్రం నా కళ్ల ముందు నిలిచింది. తొమ్మిది వికెట్లు పడ్డాయి. మన పదకొండో ఆటగాడు వచ్చాడు. చేతి తొడుగులు కూడా ఎవరివో అడిగి వేసుకున్నాడు. ముందుకు వంగి, బ్యాటు పిడిని వదులుగా పట్టుకుని, పడిన బంతిని పడినట్టే కాళ్ల దగ్గర చాప మీద అణిచేశాడు. బంతి రెండడుగులు కూడా దొర్లలేదు. అవతలి వైపు ఉన్నవాడు గెలుపు పరుగులు తీసుకున్నాడు. భుజాల మీద ఊరేగిందీ అతడే. ఇది తప్పని నేను అనను, కానీ మన పదకొండో ఆటగాడికి కూడా భుజాలు దొరకవలసింది.

1999లో ఆక్లండ్‌లో న్యూజీలాండ్ బౌలర్ జెఫ్ అలాట్ దక్షిణాఫ్రికా మీద 77 బంతులు ఎదుర్కొని, 101 నిమిషాలు నిలిచి, సున్నకే వెనుదిరిగాడు. ఆ టెస్టు డ్రా అయింది. స్కోరులో సున్న ఒకటే, దాని వెనుక గంటన్నరకు పైగా కాపలా ఉంది.

పద్యానికి వస్తే, గణాలూ యతులూ నిర్దోషం. చి–జె, ని–నే కుదిరాయి. మూడో పాదంలో ఎదుటిలోని ఎకారానికీ అవకాశము + ఇచ్చిలోని ఇకారానికీ స్వరయతి చక్కగా పడింది. "తాఁ" మాత్రం గణం నింపడానికి వచ్చి కూర్చుంది. "చివరి జోడిగ వచ్చియుఁ జెదర కుండ" అంటే ఆ లోటు తీరుతుంది. చివర్లో వచ్చినా చెదరలేదన్న భావమూ అదనంగా వస్తుంది.

కావలి మాస్టారు:
సవరణ శిరోధార్యం. "వచ్చియు" అనగానే పద్యానికి వెన్నెముక వచ్చింది.

గూడూరు అక్కయ్య:
మా తమ్ముడు ఈ జట్టుకు కీపరు. వాడి కోసం రాశాను.

కీపరై వంగి నిలిచి తాఁ గెరలి యెగిరి
యంచుఁ దాఁకిన బంతుల నందుకొనఁగ
నెదిరి మొనగాండ్రు నల్వురు నింటి కేఁగ
సున్న పరుగుల వాఁడె పో శూరుఁడయ్యె

కావలి మాస్టారు:
అమ్మా, "అంచుఁ దాఁకిన బంతుల" అన్నది ఆటలోని మాటే, పద్యంలో ఎంతో సహజంగా ఒదిగింది. ఒక చిన్న సూచన. "అందుకొనఁగ", "ఏఁగ" వెంటవెంటనే రావడంతో వాక్యం కాస్త వేలాడుతున్నది. రెండో పాదం చివర "నందుకొనియె" అంటే అక్కడ వాక్యం ముగుస్తుంది, ఆ క్రియలోని ద్రుతంతో, అంటే చివరి నకారంతో, "నెదిరి" కూడా యథాతథంగా నిలుస్తుంది. "నిలిచి తాఁ" బదులు "నిలిచియుఁ" అనండి. ఇందాక నాకు చెప్పిన మాటే మీకూ చెబుతున్నాను.

గూడూరు అక్కయ్య:
రెండూ మార్చుకున్నాను మాస్టారూ. కీపరు అన్న మాటకు తెలుగు మాట పెట్టమని ఇంట్లో అన్నారు. పెట్టాలా?

నిర్వాహకుడు:
వద్దు అక్కా. మైదానంలో అందరూ ఏ మాట అంటారో పద్యంలోనూ ఆ మాటే ఉండనివ్వండి. కీపరు, వికెటు, రోలరు తెలుగు విభక్తులు తగిలించుకుని మన నోళ్లలో నానిన మాటలు. సంస్కృత పదంతో కలిపి సమాసం చేయనంత వరకు ఇబ్బంది లేదు.

ఆత్మకూరు తమ్ముడు:
పద్యం రాయడం నాకు ఇదే మొదలు. తప్పులుంటే మన్నించకుండా చెప్పండి.

నైపుణమ్మున బంతిని త్రిప్పి త్రిప్పి
మూఁడు వికెటులఁ గూల్చెను ముగియు వేళ
బ్యాటు పట్టెడి వంతు తాఁ బడయ కున్న
సున్న పరుగుల వాఁడె పో శూరుఁడయ్యె

కావలి మాస్టారు:
నాయనా, మొదటి పద్యమే అయినా గణాలన్నీ సరిపోయాయి, సంతోషం. మొదటి పాదంలో యతి తప్పింది. నైకి త్రి చెల్లదు. న, త ఒకే వర్గంలోనివే కదా అనిపిస్తుంది. కానీ తకారం ముందు సున్న ఉంటేనే, అంటే "ంత" అయితేనే, నకారంతో కలుస్తుంది. ఇక్కడ ఆ సున్న లేదు. అచ్చులూ కుదరలేదు: ఐకారానికి అ, ఆ, ఔ జోడు, ఇకారం కాదు. "బంతిని త్రిప్పి" అన్నచోట సరళాదేశం జరగాలి, అంటే తకారం దకారం కావాలి, "బంతినిఁ ద్రిప్పి" అని ఉండాలి.

వెంకటగిరి స్కోరరు:
యతి సంగతి మాస్టారు చూసుకున్నారు. నాది పుస్తకం సంగతి. బ్యాటు పట్టే వంతే రాకపోతే అతడి పేరుకు ఎదురుగా సున్న వెయ్యను. "ఆడలేదు" అని రాస్తాను. సున్న వెయ్యాలంటే క్రీజులోకి రావాలి. ఒక్క బంతి ఎదుర్కోకపోయినా ఫరవాలేదు, వచ్చి ఉండాలి. ఆడనివాణ్ణి సున్న పరుగులవాడు అనడం, నిజంగా వచ్చి సున్నకే వెళ్లినవాడి బాధను తేలిక చేయడమే. తమ్ముడూ, నువ్వు చెబుతున్న ఆ ఆటలో ఆ స్పిన్నరు బ్యాటింగుకు వచ్చాడు. మొదటి బంతికే స్టంపు ఎగిరింది. నా పుస్తకంలో ఉంది.

నిర్వాహకుడు:
ఈ అభ్యంతరం నాకు చాలా నచ్చింది. సమస్యలోని విరోధం నిజమైన సున్న మీదే నిలబడాలి. సున్నను తప్పించి విరోధం తీరిస్తే అది పూరణ అనిపించుకోదు. పరుగులతో పని లేని గొప్ప బౌలర్లు మనకు కొత్త కాదు. బి.ఎస్. చంద్రశేఖర్ 58 టెస్టుల్లో 242 వికెట్లు తీశారు, చేసినవి 167 పరుగులు. వికెట్ల కంటే పరుగులు తక్కువ. అయినా ఆయన చేతికి బంతి వచ్చిందంటే దేశమంతా రేడియో దగ్గరికి జరిగేది.

ఆత్మకూరు తమ్ముడు:
అన్నలకు కృతజ్ఞతలు. రాత్రి కూర్చుని మళ్లీ కట్టాను.

బ్యాటు పట్టినఁ దొలిబంతి బలిగఁ బోయి
తేలికగ బంతి వికెటుపైఁ ద్రిప్పి త్రిప్పి
మూఁడు వికెటులఁ గూల్చెను ముగియు వేళ
సున్న పరుగుల వాఁడె పో శూరుఁడయ్యె

కావలి మాస్టారు:
శభాష్! తే–ద్రి యతి, పైఁ తరువాత సరళం, జరిగినది జరిగిన వరుసలో. బ్యాటుతో పోయింది మొదటి పాదం, బంతితో తెచ్చుకున్నవి తరువాతి రెండు పాదాలు. పద్యం నిలబడింది.

ఒంగోలు మిత్రుడు:
మీది క్రికెట్ షరతు అయినా, నెల్లూరు అనగానే నా మనసు తిక్కన గారి మీదికి పోయింది. విరాటపర్వంతో మొదలుపెట్టి పదిహేను పర్వాలు తెనిగించిన మహాకవి మనుమసిద్ధి కొలువులో ఉన్నది ఆ నేల మీదే కదా. ఉత్తర గోగ్రహణం ఘట్టంతో పూరించాను.

ఉత్తరుఁడు పాఱె బలములు నుఱుకఁ గాంచి
పట్టి తెచ్చెఁ గిరీటి యా బాలు నపుడు
వెనుక కడుగిడఁ డెన్నఁడు విజయుఁ డందు
సున్న పరుగుల వాఁడె పో శూరుఁడయ్యె

కావలి మాస్టారు:
ఆహా! పరుగు అంటే పారిపోవడమనే అర్థం తీసుకున్నారు. ఒక్కసారి కూడా పారిపోనివాడే శూరుడు. అవధాన సభలో అయితే చప్పట్లు మోగేవి.

నిర్వాహకుడు:
పూరణగా చూస్తే ఇప్పటివరకు వచ్చినవాటిలో ఇదే చమత్కారమైనది, ఒప్పుకుంటాను. రథం దూకి పారిపోతున్న ఉత్తరుణ్ణి బృహన్నల వేషంలోని అర్జునుడు వెంటపడి పట్టుకు రావడం మూడు పాదాల్లో ఇమిడింది. కానీ మిత్రమా, ఈ పద్యంలో మన మైదానపు ఇసుక లేదు. నా షరతు వదులుకోలేను. దీన్ని పోటీకి వెలుపల, తలమానికంగా పెట్టుకుంటాను.

నాయుడుపేట బాబాయి:
నేను ఆడను, ఆట చూస్తాను. తెల్లవారుజామున నడకకు వచ్చినప్పుడు చూసినది రాశాను.

తెల్లవాఱక మునుపె తాఁ దిన్నెఁ జేరి
నీరు చిలికించి రోలరు నేర్పు తోడ
నడిపి చాపకు మేకుల నాటినట్టి
సున్న పరుగుల వాఁడె పో శూరుఁడయ్యె

వెంకటగిరి స్కోరరు:
పద్యం మనసుకు హత్తుకుంది బాబాయి గారూ. అయినా ఇందాకటి నియమం ప్రకారం ఇదీ చెల్లకూడదు. ఆయన పేరే నా పుస్తకంలో లేదు.

నిర్వాహకుడు:
తేడా ఉందన్నా. తమ్ముడి మొదటి పద్యం బ్యాటు వంతు ఎత్తి, ఆ లెక్కలోనే సున్న వేయబోయింది. ఈ పద్యం స్కోరు పుస్తకమే తెరవలేదు. పరుగుల ప్రసక్తే లేని మనిషిని చూపించి, ఈయన లేకపోతే మీ పరుగులెక్కడివి అని అడుగుతున్నది. ఏప్రిల్, మే నెలల్లో ఇసుక నేల గుల్లబారి, చాప కింద గుంటలు పడి, బంతి ఎటు లేస్తుందో తెలియనప్పుడు, ఆయన నీళ్లు చల్లి, రోలరు లాగి, చాప నాలుగు అంచులూ బిగలాగి మేకులు కొట్టేవారు. ఒక్క మేకు వదులైతే చాప ముడత పడుతుంది, ముడత మీద పడిన బంతి ముఖం మీదికి లేస్తుంది. ఈ యేడు మనలో ఒక్కరికీ ఆ దెబ్బ తగలలేదు. ఇందులో "తాఁ" కూడా వ్యర్థం కాదు, ఎవరూ రాకముందే తాను వచ్చాడన్న అర్థం ఉంది.

వెంకటగిరి స్కోరరు:
ఒప్పుకున్నాను. నేను కూడా ఒకటి పెడతాను. మనం ఓడిన ఆట ఇది.

అంచు దాఁకెను మెల్లగ నంపయరుకు
వినఁబడక పోయెఁ దానుగా వెడలె నతఁడు
చేతు లెత్తుచు నెదిరులు చేరి పొగడ
సున్న పరుగుల వాఁడె పో శూరుఁడయ్యె

గూడూరు అక్కయ్య:
ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. బౌలరు కూడా సగం గొంతుతోనే అడిగాడు. అంపైరు తల అడ్డంగా ఊపారు. ఇతడు అంపైరును చూసి, బ్యాటును చంకలో పెట్టుకుని నడవడం మొదలుపెట్టాడు.

నిర్వాహకుడు:
అంపైరు కాదన్న తరువాత నిలబడి ఉంటే నియమాలు అతణ్ణి తప్పుపట్టవు. ఆ మరుసటి అరగంటలో మనం ఓడిపోయాం, మనలో కొందరు ఆ సాయంత్రం అతడితో మాట్లాడలేదు. అది న్యాయం కాదని అప్పుడే అనవలసింది. ఇప్పుడు గట్టిగా అంటున్నాను. 1980లో ముంబై స్వర్ణోత్సవ టెస్టులో అంపైరు ఔటిచ్చిన ఇంగ్లండ్ ఆటగాడు బాబ్ టేలర్‌ను మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ వెనక్కి పిలిచారు. ఆ టెస్టు మనం ఓడిపోయాం. విశ్వనాథ్ పేరు చెప్పేవారు ఇప్పటికీ ఆ పిలుపునే ముందు తలుచుకుంటారు.

పద్యం సంగతి. అం–నం, వి–వె, చే–చే, యతులన్నీ సుఖంగా పడ్డాయి. అంపయరు అన్న రూపం గణం కోసం తీసుకున్నదే అయినా చెవికి ఎబ్బెట్టుగా లేదు. "అంచు దాఁకెను" అన్నచోట అంచున్ + తాఁకెను కాబట్టి "అంచుఁ దాఁకెను" అనండి. రెండో పాదంలో "తానుగా" అన్న మూడక్షరాల్లో పద్యమంతా ఉంది. నా తీర్పులో మొదటి స్థానం దీనిదే. స్కోరరు గారు ఆ రోజు సున్న వేసిన పుటలోనే, ఆ పేరు కింద, ఈ పద్యాన్ని స్వహస్తాలతో రాయాలని కోరుతున్నాను. రెండో స్థానం బాబాయి గారి పద్యానికి. మాస్టారి పద్యమూ తమ్ముడి రెండో పద్యమూ సంక్రాంతి పోటీల బోర్డు మీద ఉంటాయి.

వెంకటగిరి స్కోరరు:
అరసున్న చేర్చి, నల్ల సిరాతో రాశాను. పుట ఫోటో జత చేస్తాను.

నిర్వాహకుడు:
సంతోషం. వచ్చే వారానికి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. అయిదూ సూర్యగణాలే. ఈ యేటి ఆటల్లో దీనికి తగిన రోజు ఒకటి ఉంది, గుర్తుచేసుకోండి.

వాన వెలిసినంత వగచె జట్టు