ఉమ్మడి షెడ్డులో పాత జావా: ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న (నెల్లూరు)

వేదాయపాళెంలో ఒక అద్దె షెడ్డు తీసుకొని, పాత మోటారు సైకిళ్లంటే ఇష్టమున్న కొందరం ఆదివారాలు వాటిని బాగుచేసుకుంటున్నాము. జీతానికి పనిచేసేవారు లేరు, పానాలన్నీ ఉమ్మడివి. ఇప్పుడు మైపాడు వైపు ఒక ఇంటి వసారాలో ఏళ్ల తరబడి నిలిచిపోయిన మైసూరు జావా 250 (మైసూరులో తయారైన పాత మోటారు సైకిలు) మా దగ్గరికి వచ్చింది. కిక్కు కిందికి దిగడం లేదు. ట్యాంకు లోపల తుప్పు పొరలు పొరలుగా రాలుతున్నది. బయటి క్రోమూ మెరూన్ రంగూ మాత్రం చాలావరకు నిలిచాయి. బండిని మళ్లీ రోడ్డు మీద నడపాలని ఆ ఇంటివారి కోరిక. విప్పడానికి అందరూ ముందుకు వస్తారు గాని బిగించేనాటికి ఇద్దరే మిగులుతారు కనుక, విప్పకముందే పెద్దల సలహా తీసుకోవాలనుకున్నాము.

జవాబు 1 (ఒంగోలు)

అయ్యా, ముందుగా ఎవరినీ కిక్కు మీద నిలబడనివ్వకండి. జావాలో కిక్కూ గేరూ ఒకే కడ్డీ కాబట్టి, బలవంతం చేస్తే లోపలి పళ్లు విరిగి పని రెట్టింపవుతుంది. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో డీజిలూ పలుచని నూనే కలిపి పోసి, వచ్చే ఆదివారం దాకా వదిలేయండి. తరువాత పై గేరులో వేసి వెనుక చక్రాన్ని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపితే సిలిండరులో పట్టేసిన పిస్టన్ చాలాసార్లు వదులుతుంది. వదిలింది కదా అని వెంటనే స్టార్టు చేయరాదు. హెడ్డూ సిలిండరూ దించి బోరు, అంటే సిలిండరు లోపలి గోడ, చూడాలి. క్రాంకు ఇరుసుకు రెండు చివరలా నూనె, గాలి దాటకుండా ఉండే ఆయిల్ సీళ్లు రెండూ తప్పక మార్చాలి. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్ ఇంజనులోకి చేరి తెల్లటి పొగ వస్తుంది. రెండో వైపుది పోతే గాలి లోపలికి పీల్చుకొని, పెట్రోలు-గాలి మిశ్రమంలో పెట్రోలు తగ్గి, కొత్త పిస్టన్ కూడా వేడెక్కి పట్టేస్తుంది.

జవాబు 2 (కావలి)

ట్యాంకు సంగతి నేను చెబుతాను. బాత్రూములు కడిగే యాసిడ్ పోయమని ఎవరైనా అంటే వినకండి, అది పలుచని రేకునూ క్రోమునూ తినేస్తుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పును లీటరు గోరువెచ్చని నీటికి 50 నుంచి 100 గ్రాముల చొప్పున కలిపి, పెట్రోలు ట్యాపు తీసిన చోట రబ్బరు బిరడా బిగించి, ఒక రోజు నిండుగా ఉంచండి. పొంగి రంగు మీద పడితే మరక నిలిచిపోతుంది, మూత చుట్టూ గుడ్డ చుట్టడం మరువకండి. ఒంపేశాక వంట సోడా నీళ్లతో, ఆపై మంచి నీళ్లతో కడిగి, వెంటనే బ్లోయరుతో ఆరబెట్టాలి. మన సముద్రపు గాలికి తడి ఇనుము గంటలోనే మళ్లీ ఎర్రబడుతుంది. ఆరిన వెంటనే కాస్త టూ-టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజనుకు వాడే నూనె) పోసి అన్ని వైపులా తిప్పండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటున్నది, అది తేమను పీల్చుకుంటుంది కాబట్టి బండిని నిలిపి ఉంచే నెలల్లో ట్యాంకు ఖాళీ చేయడమే మేలు. రంగు జోలికి మాత్రం పోవద్దని నా మనవి. కొత్త రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు, ఫ్యాక్టరీ రంగు మళ్లీ రాదు.

జవాబు 3 (ఒంగోలు, మరొకరు)

యంత్రం కన్నా మనుషుల ఏర్పాటే మీకు కష్టమని తోస్తున్నది. మా షెడ్డులో ఒక్కో బండికి ఒక్కరే బాధ్యులు. వారు లేని ఆదివారం ఆ బండి మీద ఎవరూ పానా పెట్టరు. విప్పేముందు ఫోటో తీయడం, ప్రతి జత బోల్టులనూ జిప్ కవరులో వేసి అవి ఎక్కడివో చీటీ రాయడం, కొన్న సామాను ఏ బండి ఖాతాలోనిదో పుస్తకంలో ఎక్కించడం ఆ ఒక్కరి పనే. ఒక ఇంజను మూయనిదే రెండోది తెరవకూడదన్న నియమం పెట్టినప్పుడు కొందరు అలిగి వెళ్లారు, కాని అప్పటి నుంచే బండ్లు బయటికి రావడం మొదలైంది. చెన్నై పుదుపేటకు సామాను కోసం వెళ్లేవారు పాత ముక్కను చేత పట్టుకొని వెళ్లాలి, నోటితో చెప్పి తెచ్చినవి సగం సరిపోవు. (14 నంబరు పానా ఎన్ని కొన్నా మాయమవుతుంది, దానికి మందు మాకూ దొరకలేదు.)

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారాలు. రంగు ముట్టబోము. ఆర్‌సీ గడువు తీరింది. 50 ఏళ్లు దాటిన బండి కనుక వింటేజ్ నమోదు చేయించవచ్చని ఒకరు అంటున్నారు. అది సరైన దారేనా?

జవాబు 3 రాసినవారు

వారు నడపాలనుకుంటున్నారు కదా, ఆ దారి వద్దు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీయవచ్చు గాని రోజూ తిప్పుకోవడానికి వీల్లేదు. ఫిట్‌నెస్ చూపించి మామూలు ఆర్‌సీనే ఐదేళ్లకు పొడిగించుకోండి. తనిఖీలో ఇంజను నంబరూ ఛాసిస్ నంబరూ చూస్తారు కాబట్టి, తుప్పు గీకే కుర్రవాళ్లను ఆ రెండు చోట్ల ఉప్పుకాగితం పెట్టనివ్వకండి.